‘ముప్పులు’ అనే గడిలో మేకలు

ఈమధ్య బూట్లకు గుండ్రటి లేసులు ఇస్తున్నారు. పూర్వం పట్టీలా ఉండే లేసు పొద్దున ముడి వేస్తే సాయంత్రం దాకా మాట మీద నిలబడేది. ఈ గుండ్రటివి వంద అడుగులకోసారి విడిపోతున్నాయి. షాపతన్ని అడిగితే "ఇప్పుడన్నీ గివే వస్తున్నయ్ సార్, స్టైల్" అన్నాడు. అరవై దాటినవాడు రోడ్డు మధ్యలో వంగి లేసు కట్టుకోవడంలో స్టైల్ ఎక్కడుందో నాకు తెలియలేదు. తార్నాక మెట్రో మెట్ల దగ్గర నేను వంగినప్పుడల్లా ఎవరో ఒకరు ఆగి "అంకుల్, బానే ఉన్నారా" అని అడుగుతున్నారు. వంగడం వరకు బానే ఉంటాను. లేవడం దగ్గరే కొంత సందేహం.

లేసుల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ఇరవై ఆరేళ్లు నేను జీతం తీసుకున్నది నడవడానికి.

ఉద్యోగం పేరు ప్రకృతి విద్యాధికారి. పెళ్లిచూపుల్లో ఆ పేరు చెబితే అవతలివాళ్లు ఒక క్షణం ఆలోచించి "గవర్నమెంటా?" అని అడిగేవారు. కాదు, ఒక ట్రస్టు. పని ఏమిటని అడిగితే, ఊళ్లో జనాన్ని పోగుచేసి, ఊళ్లోనే ఉన్న చెట్టూ పిట్టా పామూ చూపించి, మళ్లీ టిఫిన్ వేళకు ఇంటికి పంపడం. ఇప్పుడు ఈ పనిలోకి చాలామంది పిల్లలు వస్తున్నారు. వాళ్లకు ఖరీదైన కెమెరాలున్నాయి, పిట్ట కూస్తే పేరు చెప్పే ఫోన్లున్నాయి. నేను చెప్పాలనుకున్నవి ఆ ఫోన్లలో దొరకనివి. అందులో ముఖ్యమైనది నేను చేసిన ఒక తప్పు. అది చివర్లో చెప్తాను. ముందే చెబితే మిగతాది చదవరు.

నడిపించడం

నా ప్రధానమైన దారి తార్నాక వెనక యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉండేది. క్యాంపస్ అంటే అందరికీ రాతి భవనాలు, హాస్టళ్లు గుర్తుకొస్తాయి. వాటి వెనక బండరాళ్లు, సీతాఫలం పొదలు, తుమ్మలు, రేగుకంపలు, వానాకాలంలో నిండే ఒక కుంట ఉండేవి. నెమళ్లు, ముంగిసలు, ఉడుములు, పేరు పెట్టి పిలిస్తే యాభై అరవై రకాల పిట్టలు ఉండేవి. తార్నాక వైపు ప్రహరీగోడ ఒకచోట కూలి, మనిషి నడిచేంత సందు ఏర్పడింది. దాన్ని అందరూ గండి అనేవారు. గండికి అవతల బస్తీ, ఇవతల క్యాంపస్. గండి నుంచి కుంట దాకా ఒక కాలిబాట. ఆ బాటకు నేను ట్రెయిల్ అని పేరు పెట్టాను. పేరు పెట్టడం తప్ప దాన్ని వేయడంలో నా పాత్ర ఏమీ లేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి గండి దగ్గర కలుసుకోవడం, ఎనిమిదింటికి వదిలెయ్యడం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తార్నాక ఫ్లాట్లలో ఉండే ఉద్యోగులు, రిటైరైనవాళ్లు. చాలామంది మావాళ్లే, అంటే కృష్ణా గుంటూరుల నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. వాళ్లలో సుబ్బారావు గారని ఒక రిటైర్డ్ ఇంజనీరు. ప్రతి పిట్టనూ శ్రద్ధగా చూసి "దీనివల్ల ఉపయోగం ఏమిటండీ?" అని అడిగేవారు. మొదట్లో పురుగుల్ని తింటుంది, విత్తనాలు చల్లుతుంది అని చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు విసుగొచ్చి "దీనికి మనవల్ల ఉపయోగం ఏమిటో అదీ ఆలోచిస్తోంది" అన్నాను. ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అప్పటి నుంచి ఆయన దగ్గర జోకులు వేయడం మానేశాను.

మా డైరెక్టరు రామచంద్రం గారు నాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. జనంతో నడిచే ముందు, అదే దారిని అదే పొద్దున ఒంటరిగా ఒకసారి నడిచి రావాలి. తేనెతుట్టె రాత్రికి రాత్రే కిందికి జారి ఉండొచ్చు. కుక్క పిల్లల్ని పెట్టి ఉండొచ్చు. ఇరవైమందిని వెంటేసుకొని వెళ్లాక తెలుసుకునే సంగతులు కావివి. ఈ పనిలో ఎవరైనా నిజంగా గొప్పవాళ్లా కాదా అని తెలియాలంటే వాళ్ల ఉపన్యాసం వినక్కర్లేదు. ఐదింటికి లేచారా లేదా అడిగితే చాలు. రామచంద్రం గారి గురించి తర్వాత కొన్ని ఫిర్యాదులు చేస్తాను కాబట్టి ఈ మాట ముందు చెప్పడం న్యాయం.

తీతువు గూడు

అలా ఒంటరిగా నడిచిన ఒక పొద్దున, బాట పక్కన గులకరాళ్ల నేల మీద తీతువు పిట్ట గుడ్లు కనిపించాయి. ఈ పిట్ట గూడు కట్టదు. నేల మీద చిన్న పల్లంలో నాలుగు గుడ్లు పెడుతుంది. అవి అచ్చం గులకరాళ్లలాగే ఉంటాయి. అడుగు దూరంలో నిలబడి వెతికినా దొరకవు. నాకు దొరకడానికి కారణం నా విద్య కాదు, లేసు కట్టుకోవడానికి వంగడం. అప్పటి లేసులూ అప్పుడప్పుడు విడిపోయేవని దీన్నిబట్టి ఒప్పుకోవాలి.

గంటలో ఇరవైమంది వస్తారు, ఎవరైనా తొక్కేస్తారని భయపడి, గుడ్ల చుట్టూ తెల్లటి రాళ్లు గుండ్రంగా పేర్చాను. వచ్చినవాళ్లకు దూరం నుంచి చూపించాను. అందరూ సంతోషించారు. సుబ్బారావు గారి భార్య మాత్రం తీతువు అరిస్తే అశుభమని చెవులు మూసుకున్నారు. నేను బాధ్యత గల ఉద్యోగినని ఆ వారమంతా అనుకున్నాను.

మరుసటి ఆదివారానికి గుడ్లు లేవు. రాళ్ల వలయం మాత్రం చెక్కుచెదరలేదు. దాని పక్కన ఒకామె గొంతుక్కూర్చుని ఉంది. చుట్టూ మేకలు.

"గీ రాళ్లు నువ్వే పెట్టినవా సారు?"

"అవునమ్మా. ఎవరూ తొక్కకుండా."

"ఎవ్వలు తొక్కుతరు? గా పిట్ట తొక్కనిస్తదా? కాకికి దొరుకకపోతుండె. నువ్వు ముగ్గేసి పీట ఏసినట్టు చూపెట్టినవ్."

ఆమె పేరు ఎల్లమ్మ. గండి అవతలి బస్తీ. నడివయసు, గట్టి మనిషి. పన్నెండు మేకలు, వాటి మీదే ఆమె సంసారం. రోజూ పొద్దున గండిలోంచి వాటిని లోపలికి తోలుకొచ్చి, మధ్యాహ్నానికి తిరిగి తోలుకుపోయేది. బస్తీలో మేక మేయడానికి గోడల మీది పోస్టర్లు తప్ప ఏమీ లేవు కాబట్టి, ఆ గండి లేకపోతే ఆ మేకలు లేవు. నేను ట్రెయిల్ అని పేరు పెట్టిన బాట ఆమె మేకల డెక్కలు ఏళ్ల తరబడి వేసినది.

తర్వాతి నెలలో మరో తీతువు గుడ్లు పెట్టినప్పుడు నేను రాళ్లు పెట్టలేదు. ఎల్లమ్మ పిలిచి చూపించింది. మేకల మంద నేరుగా గుడ్ల మీదికే వస్తోంది. పిట్ట కదల్లేదు. రెండు రెక్కలూ విప్పి, మేక మూతి ముందు నిలబడి అరిచింది. ముందు మేక ఒక్క క్షణం ఆలోచించి పక్కకు తప్పుకుంది. దాని వెనక పదకొండూ అలాగే తప్పుకొని పోయాయి.

"సూసినవా? మేకకు చెప్తె ఇంటది," అంది ఎల్లమ్మ. "మీ మందికే ఆగి ఫోటువ దియ్యకుంటె పానం నిమ్మలంగుండది."

ఇప్పటి పిల్లలకు నా మొదటి సలహా ఇది. గూడు చూపించకండి. గుర్తు అసలే పెట్టకండి. మీరు ఏ దారిలో నడిపిస్తున్నారో ఆ దారి రోజూ ఎవరి కాళ్ల కింద ఉందో ముందు కనుక్కోండి. నేను కనుక్కున్నాను. కనుక్కున్నాక కూడా తప్పు చేయవచ్చు, అది వేరే సంగతి.

ఎక్కడోళ్లు సార్ మీరు

తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌లో మండుతున్న రోజులు వచ్చాయి. బంద్‌లు, ర్యాలీలు, గేట్ల దగ్గర ముళ్లకంచెలు, పోలీసు వ్యాన్లు. సీతాఫలం పొదల కింద ఖాళీ బాష్పవాయు గోళాలు దొరికేవి. పొదల్లో ఆ ఘాటు రెండు మూడు రోజులుండేది. పిట్టలు తిరిగొచ్చేవి, మాకే కళ్లు మండేవి. ఆదివారం నడకకు ఇరవైమంది వచ్చేచోట ఐదారుగురు మిగిలారు.

అందరూ అందర్నీ అడిగే ప్రశ్న ఒకటే అయింది.

"ఎక్కడోళ్లు సార్ మీరు?"

"తార్నాక."

"తార్నాక ముంగట?"

ముందు తెనాలి. మూడేళ్ల వయసులో వచ్చాను. ఆ మూడేళ్లలో తెనాలికి నేను చేసిన సేవ ఏమీ లేదు, అయినా లెక్కలోకి అదే వచ్చేది. నడకలో రాజకీయాలు మాట్లాడకూడదని నియమం పెట్టాను. దాంతో అందరూ పూర్తిగా మాట్లాడడం మానేశారు. పిట్టలు చూడడానికి అంతకన్నా మంచి వాతావరణం నాకు మళ్లీ దొరకలేదు.

ఈ రోజుల్లోనే స్వరూప వచ్చింది. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి బాటనీ ఎమ్మెస్సీ చదువుతోంది, ఉండేది హాస్టల్లో. శనివారం ర్యాలీలో నినాదాలిచ్చి, ఆదివారం బొంగురు గొంతుతో మొక్కల పేర్లు చెప్పేది. నేను పుస్తకంలోని పేరు చెబితే తను ఊళ్లోని పేరు చెప్పేది, ఎల్లమ్మ దాన్ని మేక తింటుందా లేదా చెప్పేది. ముగ్గురం కలిస్తే ఒక మంచి ఉపాధ్యాయుడు అయ్యేవాళ్లం.

ఒక ఆదివారం బంద్ కూడా కలిసింది. నా మెడలో బైనాక్యులర్స్ చూసి ఒక కానిస్టేబుల్ ఆపాడు.

"ఏం జూస్తున్నవ్ దీంట్ల?"

"పిట్టల్నండీ."

"ఇంతమంది స్టూడెంట్లుండంగ పిట్టల జూస్తున్నవా?"

నేను జవాబిచ్చేలోగా స్వరూప అందుకుంది. "అన్నా, స్టూడెంట్లని జూడనికి మీరున్నరు గద. పిట్టలకు ఎవ్వరు లేరు, అందుకే సారొచ్చిండు."

అతను నవ్వలేదు. బైనాక్యులర్స్ లాక్కొని కళ్లకు పెట్టుకున్నాడు. దారిలో కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంది. అది ఎగిరితే రెక్కల్లో నీలం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. అది ఎగిరింది. అతను బైనాక్యులర్స్‌ను దాని వెంటే తిప్పాడు. తర్వాత వ్యాన్ వైపు తిరిగి "అరే, నువ్వొకసారి రా" అని ఇంకొకర్ని పిలిచాడు. ఆ తర్వాత మరొకర్ని. నా వృత్తి జీవితంలో అంత ఏకాగ్రత గల శ్రోతలు ముగ్గురు ఒకేచోట దొరకడం అదొక్కసారే. బైనాక్యులర్స్ తిరిగి తీసుకోవడానికి కొంత సమయం పట్టింది.

పదకొండో పేజీ

ఇప్పుడు తప్పు దగ్గరికి వస్తున్నాను.

మా ట్రస్టు ఏటా ఒక్కో దారి గురించి నివేదిక రాసేది. అచ్చువేసిన ఫారం. ఎన్ని నడకలు, ఎంతమంది, ఏయే జీవులు. పదకొండో పేజీలో ‘ముప్పులు’ అని ఒక గడి. ఆ ఏడాది దాన్ని నేను ఖాళీగా వదిలాను. నిజంగా ఉన్న ముప్పు బాష్పవాయువు, కానీ అది రాస్తే నివేదికకూ నాకూ మంచిది కాదు.

రామచంద్రం గారు ఫారం వెనక్కి పంపారు. నేను ఆయన గదికి వెళ్లాను.

"మూర్తి గారూ, గడి ఖాళీగా ఉందండీ."

"ముప్పేమీ కనపడలేదండీ."

"ముప్పు లేకపోతే మనమెందుకండీ? పైవాళ్లు అదే అడుగుతారు. ఏదో ఒకటి రాయండి. అందరూ ఏం రాస్తారు?"

అందరూ మేకలు రాస్తారు. దేశంలో ఏ అడవి గురించి ఏ నివేదిక తీసినా ఆ గడిలో మేకలుంటాయి, కట్టెలు ఏరుకునేవాళ్లుంటారు. మేకలు ఉత్తరాలు రాసి ఖండించవు కదా. నేను ఆయన టేబుల్ మీదే, ఆయన పెన్నుతోనే రాశాను: ‘మేకల మేత, బయటివారి రాకపోకలు. నేల మీద గుడ్లు పెట్టే పక్షులకు హాని.’

పిట్ట రెక్కలు విప్పితే మేకలు పక్కకు తప్పుకోవడం నా కళ్లతో చూసినవాణ్ణి నేనే. అది రాస్తున్నప్పుడు గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. కానీ పదకొండో పేజీని ఎవరూ చదవరని నాకు అంతకన్నా గట్టిగా తెలుసు. తొమ్మిదేళ్లుగా ఎవరూ చదవలేదు. ఒకసారి పొరపాటున ఆ గడిలో మా ఇంటి సరుకుల చిట్టా అంటుకొని పోయింది, దాని మీద కూడా ఎవరూ వివరణ అడగలేదు.

ఆ నివేదిక కాపీ ఒకటి యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్లేది, క్యాంపస్‌లో నడవడానికి అనుమతి వాళ్లదే కాబట్టి.

గోడ

మెయిన్ గేట్ల దగ్గర పోలీసులు ఆపుతుంటే, విద్యార్థులు గండిలోంచి తార్నాకలోకి వెళ్లి ర్యాలీల్లో కలిసేవారు. ఆఫీసువాళ్లకు గండి మూయాలని ఉంది. ఊరికే మూస్తే విద్యార్థులు ఊరుకోరు, బస్తీవాళ్లూ ఊరుకోరు. ఒక మర్యాదైన కారణం కావాలి. అనుమతి కొత్తగా రాసివ్వడానికి నన్ను పిలిచారు. ఒక అధికారి, పేరు అనవసరం, చాయ్, బిస్కెట్లు తెప్పించారు. నాకు ఆ ఆఫీసులో ఎప్పుడూ చాయ్ ఇచ్చినవాళ్లు లేరు. అప్పుడే అనుమానించాల్సింది.

"మీ రిపోర్ట్ చాలా బాగుందండీ," అన్నారాయన. టేబుల్ మీద నా నివేదిక పదకొండో పేజీ దగ్గర తెరిచి ఉంది. మేకలు అన్న మాట కింద ఎర్ర గీత. "పక్షులకు హాని జరుగుతోందని మీలాంటి నిపుణులే రాశాక మేం ఊరుకోకూడదు కదా. గండి మూసేస్తున్నాం. మీ నడకలకేం ఇబ్బంది ఉండదు, మీరు మెయిన్ గేట్ నుంచి రండి. ఇదిగో పర్మిషన్, ఈసారి రెండేళ్లకు ఇచ్చాం."

ఒక చేతిలో బిస్కెట్, ఒక చేతిలో అనుమతి. నేను అప్పుడు చెప్పాల్సిన మాట చిన్నదే. అది నిజం కాదండీ, గడి నింపడానికి రాశాను. అంతే. ఆ మాట చెబితే అనుమతి పోవచ్చు, నడక పోవచ్చు, ట్రస్టు పరువు పోవచ్చు, ఉద్యోగం సంగతి సరే. బిస్కెట్ తిన్నాను. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

మూడో రోజుకు గండిలో కొత్త గోడ లేచింది. దాని మీద ఒక బోర్డు: ‘పక్షుల రక్షణ నిమిత్తం ప్రవేశం లేదు.’ అక్షరదోషాలు లేని బోర్డు ఆ క్యాంపస్‌లో అదొక్కటే అయి ఉంటుంది.

స్వరూప నన్ను కుంట దగ్గర పట్టుకుంది. చేతిలో ఆఫీసు నుంచి బయటికొచ్చిన పదకొండో పేజీ జిరాక్స్.

"సార్, ఇది మీరు రాసిండ్రా?"

"రాశాను."

"మేకలు గుడ్లు తొక్కినయా? మీరు జూసిండ్రా?"

"లేదు."

"మరెందుకు రాసిండ్రు?"

"గడి ఖాళీగా ఉంటే వెనక్కి పంపుతారమ్మా."

నేను ఆంధ్రా కుట్ర గురించి ఏదో వినడానికి సిద్ధపడ్డాను. దానికి జవాబు కూడా తయారుగా ఉంది.

"మా హాస్టల్ల అందరు ఆంధ్రోళ్ల కుట్ర అంటున్నరు. నేనైతే కాదని చెప్పిన సార్. ఆంధ్రోళ్లయితె కొట్లాడొచ్చు. మీరు ఫారం నింపేటోళ్లు. మీతోని ఎట్ల కొట్లాడాలె?"

ఆ జిరాక్స్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తర్వాత నడకలకు రాలేదు.

ఎల్లమ్మ కొన్ని నెలలు ప్రయత్నించింది. గండి లేదు కాబట్టి మేకల్ని మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిప్పి, ఆటోలూ బస్సుల మధ్య తోలుకొచ్చేది. గేటు దగ్గర కావలివాడు ఒకరోజు వదిలేవాడు, ఒకరోజు వదిలేవాడు కాదు. నేనున్న రోజున నేను చెబితే వదిలేవాడు. నేను వారానికి ఒక రోజే ఉండేవాణ్ణి. మేకలకు ఏడు రోజులూ ఆకలేస్తుందన్నది జీవశాస్త్రం చదివినవాడికి కొత్త సంగతేమీ కాదు.

ఒక మేక తార్నాక చౌరస్తా దాటలేకపోయింది. అది జరిగిన వారం తర్వాత ఆమె కనిపించలేదు. మిగిలిన పదకొండూ అమ్మేసిందని కావలివాడు చెప్పాడు.

మేకలు లేని దారి

పుస్తకాలు చదివి ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇక్కడ కొంచెం ఆగి చదవండి. ఇది జాలి సంగతి కాదు, మన పని సంగతి.

మేకలు రావడం మానేశాక మొదటి వానాకాలానికి వయ్యారిభామ అనే కలుపు మొలిచింది. రెండో వానాకాలానికి నడుము దాకా పెరిగింది. గులకరాళ్ల నేల కనపడలేదు. తీతువుకు నలువైపులా చూపు ఆనే బోడినేల కావాలి, నక్కో కుక్కో వస్తే దూరం నుంచే తెలియాలి. మేసీ తొక్కీ ఆ నేలను బోడిగా ఉంచుతూ వచ్చింది మేకలే. రెండేళ్లలో అక్కడ ఒక్క తీతువు గుడ్డు కూడా పెట్టలేదు. బాట కూడా మాయమైంది. కొడవలి పట్టిన ఇద్దరు మనుషుల్ని ముందు నడిపిస్తే తప్ప నా ట్రెయిల్ మీద నేను నడవలేకపోయాను. సుబ్బారావు గారు ఒకరోజు నిలబడి అడిగారు, "ఈ గోడ వల్ల ఉపయోగం ఏమిటండీ?" ఆయన ప్రశ్నల్లో నేను గౌరవించిన మొదటి ప్రశ్న అది.

ఆ ఏటి నివేదికలో ముప్పుల గడిలో రాశాను: ‘మేకలు లేకపోవడం.’

రామచంద్రం గారు తల పట్టుకున్నారు.

"అప్పుడు మేకలు ముప్పన్నారు. ఈసారి మేకలు లేకపోవడం ముప్పంటున్నారు. చదివేవాడు ఏమనుకుంటాడండీ?"

"ఎవరు చదువుతారండీ?"

"చదువుతున్నారు కదండీ ఇప్పుడు. మీరే అలవాటు చేశారు."

ఆయన గడిలో నా వాక్యం కొట్టేసి ‘కలుపు మొక్కలు’ అని రాశారు. అబద్ధం కాదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న అసహ్యమైన నైపుణ్యం అదే, అబద్ధం కాని వాక్యం వెతుక్కోవడం. రామచంద్రం గారు చెడ్డవారు కాదు. పొద్దున ఐదింటికి లేచేవారు. కానీ ఆయనకు దారి కాళ్ల కింద ఉండేది, నివేదిక టేబుల్ మీద ఉండేది. ఆ రెండూ ఒకటే అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు స్వరూప చెప్పింది, నేనే ఆలస్యంగా విన్నాను.

ఆ తర్వాత ట్రస్టు కాగితం మీద కాకుండా నా సొంత కాగితం మీద, నా పేరుతో, యూనివర్సిటీ ఆఫీసుకు రాశాను. పదకొండో పేజీలో నేను రాసింది చూసి రాసింది కాదని, మేకల వల్ల హాని జరగలేదని. జవాబు రాలేదు. వెళ్లి అడిగాను. ఫైలు వేరే సెక్షన్‌లో ఉందన్నారు. ఆ సెక్షన్‌కు వెళ్తే సార్ సమ్మెలో ఉన్నారన్నారు. సమ్మె అయ్యాక వెళ్తే సార్ మారారన్నారు. చాయ్ మాత్రం మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

తెలంగాణ వచ్చింది. క్యాంపస్ అంతా రంగులు చల్లుకున్న రోజున నేనూ గులాల్ రాయించుకొని ఇంటికి వెళ్లాను. తెనాలి గురించి ఆ రోజు ఎవరూ అడగలేదు. కొన్ని నెలలకు ఆఫీసులో కొత్త అధికారి వచ్చారు. ఆయన నా ఉత్తరం చదివారు. "మీరే రాసి, మీరే తప్పంటున్నారా?" అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అవునన్నాను. పోలీసు అవసరం తీరిపోయింది కాబట్టి గోడ మీద ఇప్పుడు ఎవరికీ ప్రేమ లేదు. ఒక వారంలో గండి ఉన్నచోట గోడ తీసి చిన్న ఇనుప గేటు పెట్టారు. పగలంతా తెరిచి ఉంటుంది. మేకలు కూడా ఇబ్బంది లేకుండా పట్టేంత వెడల్పు పెట్టమని నేను దగ్గరుండి చెప్పాను, కొలిచి చూపించాను. ఇరవై ఆరేళ్లలో నేను కట్టించింది అదొక్కటే.

ఎల్లమ్మ కోసం బస్తీలో అడిగితే, తార్నాకలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఊడ్చే పనికి వెళ్తోందన్నారు. పట్టుకున్నాను. సెల్లార్‌లో కార్ల మధ్య చీపురుతో ఉంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, చీపురు ఆపకుండానే "బాగున్నవా సారు" అంది. నేను చెప్పాల్సింది ఇంటి దగ్గరే తయారు చేసుకొని వచ్చాను. ఆ కాగితం రాసింది నేనేనని, తప్పు రాశానని, ఇప్పుడు సరిచేశానని, గేటు పెట్టించానని, మేకలకు సరిపోతుందని, ఇక ఎవరూ ఆపరని. అంతా వరసగా చెప్పాను.

ఆమె ఒక కారు కింది నుంచి చెత్త బయటికి లాగి, నడుం నిటారుగా చేసి నన్ను చూసింది.

"రాసేటప్పుడు నన్నడగలె. తెరిపిచ్చేటప్పుడన్న అడుగొద్దా సారు? మేకల్ని అమ్మి మూడేండ్లాయె."